అలంకారమునకు పేరు పెట్టిన చాలునా?

తెలుగు ప్రశ్నపత్రములలో తరతరములుగా నిలిచియున్న ప్రశ్న యొకటి కలదు. ఒక పద్యమును గాని పద్యపాదమును గాని యిచ్చి, అందలి అలంకారమును గుర్తించి లక్షణసమన్వయము చేయుమని యడుగుదురు. విద్యార్థి పద్యమును చదువుటకు ముందే అందు 'వలె', 'పోలె' అను మాటలకై వెదకును. దొరకినచో ఉపమ యని వ్రాయును. 'అనునట్లు', 'ఓ యన' కనబడినచో ఉత్ప్రేక్ష. ఒక హల్లు మాటిమాటికి వచ్చినచో వృత్త్యనుప్రాసము. పిమ్మట కంఠస్థమై యున్న లక్షణవాక్యమును దింపి, ఉపమేయమిది, ఉపమానమిది, సమానధర్మమిది యని మూడు పంక్తులు చేర్చును. మార్కులును వచ్చును. పద్యము మాత్రము వచ్చిన దారినే పోవును.

లక్షణజ్ఞానము వలదని నా యభిప్రాయము కాదు. అలంకారశాస్త్రమును బోధించి జీతము పుచ్చుకొనువాడు ఆ మాట యనరాదు గూడ. పేరు తెలియనిదే వస్తువును గూర్చి మాటలాడలేము. కాని వైద్యుడు నాడి పట్టి, రోగమునకు పేరు చెప్పి, అంతటితో లేచిపోయినచో రోగి గతి యేమి? పేరు పెట్టిన పిమ్మట అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియే యున్నది. ఈ యలంకారము ఈ చోట ఏమి పని చేయుచున్నది? ఇది లేకున్నచో పద్యమున కేమి కొఱతయగును? ఈ ప్రశ్న నడుగు నలవాటు లేకపోవుటచే, పట్టపరీక్ష నెగ్గిన విద్యార్థియైనను పాఠ్యగ్రంథమున లేని పద్యమొకటి చేతికిచ్చినచో 'ఇది మాకు చెప్పలేదండి' యని తలవంచుకొనుచున్నాడు. ఏబది పద్యములలో ఉత్ప్రేక్షను పట్టినవాడు ఏబదియొకటవ పద్యమును చదువలేకపోవుట విచారింపవలసిన విషయము. ఇక రచనాభిలాష గల యువకులు, శిల్పమనగా రచన ముగిసిన తరువాత పైన చల్లు పన్నీరని భ్రమపడుటకును మూలమిచ్చటనే యున్నదని నాకు తోచును.

మన పూర్వాలంకారికులు ఉదాహరణము నిట్లు వాడలేదు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమున ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకము' రచించుచు, మాటలకు గల అర్థమునకంటె వేఱైన అర్థము కావ్యమున స్ఫురించునని నిరూపింపవలసివచ్చినప్పుడు మొట్టమొదట చేతికి తీసికొన్నది యొక ప్రాకృతగాథ. అది మహాకావ్యములోనిది కాదు. శాతవాహనుడైన హాలుని పేర వెలసిన 'గాథాసప్తశతి'లోనిది. అందలి నది మన గోదావరియే యగుట తెలుగువారికి సంతోషము కలిగింపవలసిన సంగతి. గాథ రెండు పంక్తులు మాత్రమే. ఒక స్త్రీ ఒక ధార్మికునకు ధైర్యము చెప్పుచున్నది. అతనిని బెదరించుచుండిన కుక్క చచ్చినది కావున నిశ్చింతగా తిరుగవచ్చునని యామె మాట. దానిని చంపినది ఏటిగట్టు పొదలలో కాపురమున్న సింహమను ముక్కను మాత్రము తుదకు చేర్చినది.

మాటలు 'తిరుగుము' అనుచున్నవి. భావము 'అటు రాకుము' అనుచున్నది. కుక్కకే వెఱచువాడు సింహమున్న చోటికి వచ్చునా? మఱి యామె కిట్లు చెప్పవలసిన పని యేమి వచ్చినది? వ్యాఖ్యాతలు సమాధానము చెప్పిరి: ఆ పొదరిల్లు ఆమె ప్రియుని కలిసికొను సంకేతస్థలము. ఈ పుణ్యాత్ముడు పూలకొఱకు వచ్చి ఆ యేకాంతమును పాడుచేయుచున్నాడు. గాథలో ఈ మాట యెచ్చటను లేదు. ఎవరు, ఎవరితో, ఎందుకు పలుకుచున్నారను ప్రశ్న వేసికొన్నవారికే యది దొరకును. ఇంతటితో ఆ గాథ కథ ముగియలేదు. తరువాత మహిమభట్టు లేచి, దీనికి ధ్వని యను వేఱొక వ్యాపార మెందులకు, ఇది యనుమానప్రమాణముచేతనే సిద్ధించుచున్నదిగదా యని వాదించెను. దానికి మమ్మటుడు 'కావ్యప్రకాశము'న నిచ్చిన బదులు చదువ ముచ్చటగా నుండును. పిఱికివాడైనను గురువు ఆజ్ఞచేతనో, ప్రభువు ఆజ్ఞచేతనో, ప్రియురాలిపై మక్కువచేతనో భయమున్న చోటికి పోవచ్చును. కుక్క నంటుటకు జంకువాడు వీరుడై సింహమునకు జంకకపోవచ్చును. పైగా సింహమున్నదని చెప్పిన ఆ స్త్రీ మాట నమ్మదగినదని యెవరు చెప్పిరి? కావున హేతువు నిలువదు, అనుమానము కుదురదు. రెండు పంక్తుల గాథనుగూర్చి రెండువందల యేండ్లు జరిగిన ఈ చర్చలో, గాథ యొక్క రుచి యొక్క రవ్వంతయు తగ్గలేదు. సరికదా, ఆ స్త్రీ తెలివి మఱింత మెఱసినది.

క్షేమేంద్రుడు వేఱొక మార్గమున పోయెను. 'ఔచిత్యవిచారచర్చ'లో ప్రతి యంశమునకును ఔచిత్యము గల శ్లోకమును, దాని ప్రక్కనే ఔచిత్యము చెడిన శ్లోకమును చూపెను. కాళిదాసుని మెచ్చుకొన్న కలముతోనే కాళిదాసుని తప్పు పట్టెను. మన తరగతులలో మహాకవి పద్యమనగా గుణములే చెప్పవలెనను మర్యాద యేర్పడినది. చెడిన పద్యము నెఱుగనివానికి మంచి పద్యము ఎందుచేత మంచిదో యెట్లు తెలియును?

తెలుగున ఉదాహరణముల చరిత్ర కొంత వేఱు. మన లక్షణకర్తలు చాలవఱకు పద్యమును సాక్షిగా బోనెక్కించినవారు. ఈ యతి చెల్లునా, ఈ సంధి కలదా, ఈ రేఫము శకటరేఫమా సాధురేఫమా యనునదియే వారి విచారణ. అప్పకవి వంటివారు ప్రయోగములను గాలించి తెచ్చినది అందులకే. సాక్షి తన కథ చెప్పబోయినచో న్యాయవాది యెట్లు 'అడిగినదానికే బదులు చెప్పుము' అనునో, వారును పద్యముతో నట్లే వ్యవహరించిరి. ఇక పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము' వంటి సంకలనముల రీతి మఱియొకటి. అందు వర్ణనాంశముల ననుసరించి వేర్వేఱు కవుల పద్యములు కుప్పగా చేర్పబడినవి. ఆ సంకలనములే లేకున్నచో ఎన్నియో కావ్యముల పేరులైనను మనకు మిగులకుండెడివి. 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'ప్రబంధరత్నావళి' ప్రకటించినప్పుడు ఆంధ్రలోకము అనేకులైన మఱుగుపడిన కవులను తొలిసారి చూచినది. ఆ మహోపకారమునకు నమస్కరించుచునే ఒక మాట చెప్పవలెను. అట్టి గ్రంథమున ఒక సూర్యోదయవర్ణనము చదువుదుము. అందమైనదే. కాని ఆ సూర్యుడు ఎవరి గుమ్మమున నుదయించెను? విరహిణికా, పెండ్లికొడుకునకా, యుద్ధమునకు పోవు సేనకా? కావ్యము పోయినది కావున చెప్పలేము. శబ్దము తెలియుచున్నది, పోలిక తెలియుచున్నది, పని తెలియుట లేదు.

కావ్యము పోనిచోట కూడ మనమే దానిని పోగొట్టుకొని చదువుట యెట్లుండునో చూపుటకు అందఱెఱిగిన పట్టునే తీసికొందును. పోతన భాగవతమున అష్టమస్కంధమందలి గజేంద్రమోక్షణము తెలుగు పిల్లవానికి ఉగ్గుబాలతో వచ్చినది. మొసలి పట్టిన యేనుగు మొఱ పెట్టుట, వైకుంఠమున విష్ణువు ఆలకించి బయలుదేరుట అను రెండు మూడు పద్యములు నోటికి రాని తెలుగువాడు అరుదు. నోటికి వచ్చుటయే ఒక్కొక్కప్పుడు అడ్డమగును. కావున ఆ పద్యముల నిచ్చట నుదాహరింపను. పాఠకులు మనస్సులో చదువుకొనుచు నాతో రావలెను.

ముందుగా సంస్కృతమూలమును చూడవలెను. అనువాదకవి శిల్పమును పట్టుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు. వ్యాసభాగవతమున గజేంద్రుని స్తోత్రము వినిన హరి చక్రాయుధుడై గరుడుని నెక్కి, స్తుతించు దేవతలతోగూడ శీఘ్రముగా వచ్చెను. ఒక్క శ్లోకము. ఆయన వైకుంఠమున ఏ మూల నుండెను, ఏమి చేయుచుండెను, లక్ష్మి యేమయ్యెను అను మాట లేదు. శీఘ్రముగా వచ్చెనని మూలము చెప్పినది. ఆ శీఘ్రత నెట్లు చూపవలెనను ప్రశ్న పోతనకు కలిగినది. తెలుగు పద్యములన్నియు ఆ యొక్క క్రియావిశేషణమునుండి పుట్టినవనిన తప్పు కాదు.

వైకుంఠమును వర్ణించు పద్యమున చూపు దూరమునుండి బయలుదేరును. పురము, అందు రాజనగరు, అందొక మూలనున్న మేడ, దాని సమీపమున తోట, తోటలో కొలను, కొలని దరి శిలాతల్పము, దానిపై శ్రీదేవితో వినోదించుచున్న స్వామి. ఒకదానిలో నొకటి యిమిడిన పెట్టెలను తెఱచుకొనుచు పోయినట్లు పోయి, కట్టకడపటి పెట్టెలో దేవుని చూపుచున్నాడు కవి. తోట మొదలుకొని స్వామి వఱకు గల దారియంతయు ఒకే దీర్ఘసమాసము. ఊపిరి తీసికొనుటకు చోటు లేదు. ఇంత లోతున, ఇన్ని తెరల వెనుక నున్నవానికి మడుగులోని యేనుగు మొఱ యెట్లు వినబడునని పాఠకునకు సందేహము కలుగునంతలో, వినబడినది. స్వామి చలించినాడు.

ఇచ్చట వ్యాకరణము తెలిసినవారు ఒక విశేషము గమనింపవలెను. ఆ పద్యము సమాపకక్రియతో ముగియలేదు. చలించినవాడై, అని అసమాపకమున ఆగినది. నాలుగు పాదములును నిండినవి కాని వాక్యము నిండలేదు. అది పరుగెత్తి తరువాతి పద్యమున పడుచున్నది. ఈ పద్యమును విడదీసి పుస్తకమున ముద్రించి, క్రింద 'స్వభావోక్తి' యని గాని మఱియొకటి గాని వ్రాసినప్పుడు పోవునది ఈ తొందరయే. పాఠము చెప్పువారు రెండు పద్యములకును నడుమ ఊపిరి తీసికొనకుండ చదివి చూపినచో సగము వ్యాఖ్యానము చేసినవారగుదురు.

రెండవ పద్యమున ఏమున్నది? విష్ణువు చేయని పనులున్నవి. భార్యతో చెప్పలేదు, ఆయుధములు పట్టలేదు, పరివారమును పిలువలేదు, పక్షిరాజును సిద్ధపఱుపలేదు, జాఱిన జుట్టును సవరించుకొనలేదు, ప్రణయకలహమున పట్టుకొన్న పైటకొంగును వదలలేదు. ఆఱు వ్యతిరేకక్రియలు. పరుగెత్తెనను మాట యెచ్చటను లేదు. మనము పరుగును చూచుచున్నాము. మొదటి పద్యమున సమాసముచే సాగదీసిన వాక్యమును ఇచ్చట కవి ముక్కలు ముక్కలుగా విఱిచినాడు. ఛందస్సు మాఱినదా యనగా మాఱలేదు, రెండును మత్తేభములే. ఒకే వృత్తము నడకయు పరుగును కాగలదని తెలియుటకు ఇంతకంటె మంచి జంట నాకు తెలియదు.

ఆయుధములు లేక పోయి ఏమి చేయునని శ్రీనాథుడు ఆక్షేపించెననియు, పోతన ఆయన బిడ్డ నూతిలో పడెనని కేక వేయించి, త్రాడును నిచ్చెనయు లేక పరుగెత్తివచ్చిన బావగారికి పద్యార్థము తెలిపెననియు ఒక కట్టుకథ కలదు. చరిత్ర దృష్టితో దానికి విలువ లేదు. విమర్శ దృష్టితో చాల విలువ గలదు. పద్యమును ఒంటిగా తీసికొని వస్తువులపట్టికగా చదువువానికిని, మనఃస్థితిగా చదువువానికిని గల భేదమును ఆ కథ కల్పించిన అజ్ఞాతవ్యక్తి చక్కగా పట్టినాడు.

కాని ఆ కథయు ఒక సంగతి మఱచినది. ఆఱు వ్యతిరేకములలో మొదటి యైదును ఒక జాతివి, ఆఱవది వేఱు. ఐదింటిలో చేయవలసిన పని చేయకపోవుట కలదు. ఆఱవదానిలో వదలవలసినదానిని వదలకపోవుట కలదు. అనగా కొంగు ఇంకను చేతిలోనే యున్నది. ఒక చిన్న వచనము గడచిన పిమ్మట వచ్చు పద్యమున, విష్ణువు వెనుక ఎవరెవరు వచ్చిరో కవి వరుసగా చెప్పును. అందఱికంటె ముందు వచ్చినది లక్ష్మి. రాక యేమి చేయును? ఆమె కొంగు ఆయన చేతిలో నున్నది! ఆమె వెనుక అంతఃపురకాంతలు, వారి వెనుక గరుడుడు, అతని దాపున ధనుస్సు, గద, శంఖము, చక్రము, ఆపై నారదుడు, సేనాపతి, తుదకు ఊరిలోని పిల్లవాని వఱకు అందఱును. రెండవ పద్యమున విడిచివచ్చిన వన్నియు ఈ పద్యమున వెంటబడి వచ్చుచున్నవి. ఆయుధములు లేవను నాక్షేపణకు సమాధానము నూతిలో కాక ఈ పద్యములోనే యున్నది. మూడు పద్యములును కలసి ఒకే శిల్పము: లోనికి పోవుట, తెంచుకొని లేచుట, లేచినవాని వెనుక లోకమంతయు కదలుట. ఒక్కొక్కదానిని వేఱుచేసి ఒక్కొక్క అలంకారముపేరు తగిలించినచో మూడు ముక్కలు చేతికి వచ్చును.

లక్ష్మికి సంగతి తెలియదు. అనాథస్త్రీలు మొఱపెట్టిరేమో, వేదములను దొంగలెత్తుకొనిపోయిరేమో, దేవతలపై రాక్షసులు దండెత్తిరేమో, భక్తుల నెవ్వరైన ధిక్కరించిరేమో యని యూహించుచున్నది. భర్త పూర్వచరిత్ర నెఱిగిన యిల్లాలు కావున అన్నియు ఆయన అలవాటు పనులే ఆమెకు తోచినవి. ఏనుగు మాత్రము తోచలేదు. ఈ చమత్కారమును నేను తఱచుగా తరగతిలో విడిచిపెట్టి చూతును. ఎవరో యొకరు నవ్వినచో ఆ తరగతి చదువుచున్నదని తెలిసికొందును.

ఆ తరువాత వచ్చునది డకారముల కందము. వృత్త్యనుప్రాసమునకు ఇంతగా వాడబడిన యుదాహరణము తెలుగున వేఱొకటి లేదేమో. అడుగవలెనని వడిగా నడచుట, అడిగినను చెప్పడని ఆగుట, తడబడుట, అడుగు వేయుట, వేయకపోవుట. డకారము మాటిమాటికి వచ్చినది, కావున వృత్త్యనుప్రాసము. ఇంతవఱకు సరియే. ఇక లెక్కించి చూతము. కందమున 64 మాత్రలు. ఈ పద్యమున రెండవ, నాల్గవ పాదముల తుదియందలి రెండు గురువులు తప్ప తక్కిన 60 అక్షరములును లఘువులే. దీర్ఘము లేదు, ద్విత్వము లేదు, కాలు నిలద్రొక్కుకొనుటకు ఆధారము లేదు. నేల జాఱుచున్నవాడు చిన్న చిన్న యడుగులు వేసినట్లున్నది. కందమునకు ప్రాసనియమము కలదు గదా. నాలుగు పాదములలోను రెండవ యక్షరము ఒకటే హల్లు కావలెను. కవి ఆ స్థానమున డకారము నుంచినాడు. నియమము కోరినది నాలుగు డకారములు మాత్రమే. పద్యమున వచ్చినవి 23. అవియు సమముగా లేవు: మొదటి పాదమున 3, రెండవదాన 6, మూడవదాన 6, నాల్గవదాన 8. ఆమె తడబాటు పెరిగినకొలది అక్షరము ముసురుకొన్నది. ఛందస్సు విధించిన కట్టుబాటు నొకదానిని తీసికొని, దానినే ఆ సందర్భమునకు ప్రాణముగా మార్చుకొన్న శిల్పమిది. లక్షణమునకు సరిపోవు పద్యములు ఆశుకవులు దినమునకు పది చెప్పగలరు. 'డ' యను హల్లుతో శతకమే వ్రాయవచ్చును. ఎవరి కాలు ఎందుకు తడబడుచున్నదో తెలియనిచో అది నాలుకకు వ్యాయామము.

ఒకసారి ఒక విద్యార్థిని నన్నడిగినది: 'ఇన్ని డకారములను పోతన లెక్కపెట్టుకొని వ్రాసెనా అండి?' వ్రాసియుండడు. తబలా వాయించువాడు కచేరిలో మాత్రలను వ్రేళ్లపై లెక్కింపడు, అయినను తప్పడు. లెక్క మనకు కావలెను. విన్నది నిజముగా విన్నామో లేదో సరిచూచుకొనుటకు.

వచనమునకు వచ్చినచో ఈ పని మఱింత కష్టము. పద్యమున యతిప్రాసములైనను చేతికి పట్టుకొమ్మలగును. కథలో శిల్పము కనబడకుండుటయే శిల్పము. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో వెలువడినది. తెలుగున తొలికథ యది యగునా కాదా యను వివాదముతో మనకిచ్చట పని లేదు. దాని ముగింపును మాత్రము 'కొసమెఱుపు'నకు ఉదాహరణముగా వాడుకొనుట ఆచారమైనది. భర్త గోపాలరావు అర్ధరాత్రము దాటి యిల్లు చేరుట, భార్య కమలిని లేకపోవుట, ఆమె వ్రాసిపెట్టిన యుత్తరము దొరకుట, అతడు పశ్చాత్తపించుట, కట్టకడపట మంచము క్రిందనుండి ఆమె గాజుల చప్పుడును నవ్వును వినబడుట. ఆ చివరి రెండు పంక్తులను కత్తిరించి, ఇది కొసమెఱుపు అని చెప్పుట, పద్యము క్రింద వృత్త్యనుప్రాసమని వ్రాయుట వంటిదే.

ఆ మెఱుపు మెఱయుటకు కావలసిన చీకటి నంతయు కవి మొదటి వాక్యమునుండియే సిద్ధము చేసికొన్నాడు. కథ తలుపు దగ్గఱ, ఆలస్యముగా వచ్చిన మగవాని నోటిమాటతో మొదలగును. ఆతడెవరో, ఎచ్చటనుండి వచ్చుచున్నాడో చెప్పు పరిచయవాక్యమొక్కటియు లేదు. అతనితోపాటు మనమును చీకటిగదిలో ప్రవేశింతుము; అతడు అగ్గిపుల్ల గీసిన తరువాతనే మనకును కనబడును. అతనికి తెలిసినంతకంటె ఒక్క రవ్వయు మనకు ఎక్కువ తెలియదు. ఇది నియమము. కథ తుదివఱకు కవి ఈ నియమమును తప్పలేదు. ఒక్కసారి కమలిని వైపునకు తిరిగి చూచియున్నచో కథ అంతటితో ముగిసెడిది. ఉత్తరమునందలి సంబోధనమును చూడుడు. ప్రేమతో పిలుచు పిలుపునకు మాఱుగా పరాయివానికి వ్రాయునట్టి మర్యాదపదమొకటి వేసినది. ఆ యొక్క పదమును చూచియే గోపాలరావు కుంగినాడు. రాత్రులు లోకోపకారమునకై సభలకు పోవుచున్నానని అతడు చెప్పిన మాటలు ఉత్తరములో అతనికే యెదురువచ్చినవి. దెప్పుట లేదు, తిట్టుట లేదు.

తరగతిలో నేనొక చిన్న ప్రయోగము చేయింతును. ఇదే కథను కమలిని వైపునుండి చెప్పుమందును. రాత్రి, మంచము క్రింద దాగినది, భర్త వచ్చెను, అనుచు మొదలుపెట్టుదురు. మూడవ వాక్యమునకే కథ చప్పబడిపోవును. తరువాత ఏమి జరుగునో అందఱికిని తెలిసిపోయినది. అప్పుడు ఒకరిద్దఱకు వేఱొక సంగతి తట్టును. ఆశ్చర్యము పోయినచోట మఱియొకటి వచ్చినది. మంచము క్రిందనున్న మనిషికి భర్త పశ్చాత్తాపము ఎట్లు వినబడెను? ఎచ్చట ఆమె నవ్వు ఆపుకొన్నది? ఎచ్చట కంట తడిపెట్టినది? ఈ ప్రశ్నలతో మూలకథకు తిరిగిపోయినచో ప్రతి వాక్యమును రెండు విధముల వినబడ మొదలిడును. గోపాలరావు ఒంటరిగా తనలో తాననుకొన్న మాట లన్నియు భార్య యెదుట చెప్పుకొన్న ఒప్పుకోలులే. అది అతనికి తెలియదు, మొదటిసారి చదువునప్పుడు మనకును తెలియదు. కొసమెఱుపు కథలు చాలవఱకు రెండవసారి చదువుటకు పనికిరావు. ఇది రెండవసారి చదువుటకే వ్రాసినట్లున్నది.

'కన్యాశుల్కము' తొలిరంగమునను ఇట్టి పరీక్ష చేయవచ్చును. బొంకులదిబ్బపై గిరీశము తన అప్పులను, పూటకూళ్లమ్మ సొమ్ముతో తాను చేసిన విలాసమును తానే చెప్పుకొనును. అతడు మోసగాడని కవి యొక్క మాటయు అనడు. స్వగతములోని ఇంగ్లీషు పలుకుల నన్నిటిని తీసివేసి తెలుగు మాటలుంచి చదివినచో సమాచారము పోదు, గిరీశము పోవును. దానిపై వ్రాయబూనినచో వేఱొక వ్యాసమగును.

ఇట్టి ప్రశ్నలను పరీక్షలో నిచ్చినచో మార్కులు వేయుట యెట్లని సహోపాధ్యాయులు కొందఱు నన్నడిగిరి. అలంకారము పేరు తప్పో ఒప్పో వెంటనే తేలును; 'ఇది యిచ్చట ఏమి చేయుచున్నది' అను ప్రశ్నకు ఇరువురు విద్యార్థులు రెండు సమాధానములు వ్రాయుదురు, రెండును సరియైనవి కావచ్చును. నిజమే. కట్టలు కట్టలుగా జవాబుపత్రములు ముందున్నప్పుడు అది భారమే. కాని మన ప్రశ్నపత్రములలో 'సందర్భసహితవ్యాఖ్య' యను శీర్షిక ఇప్పటికే యున్నది. ఆ మాట పెట్టిన పెద్దలు తెలిసియే పెట్టిరి. అందు కవిపేరు, గ్రంథముపేరు, 'గ్రహింపబడినది' అను ముక్తాయింపు వ్రాసిన పిమ్మట, ఈ వాక్యమును ఇచ్చటనుండి తొలగించినచో తరువాతి వాక్యమున కేమి లోపము వచ్చునో ఒక్క పంక్తి వ్రాయుమని యడిగిన చాలును. శాస్త్రము మార్చనక్కఱలేదు, పాఠ్యగ్రంథమును మార్చనక్కఱలేదు.

'దిద్దుబాటు'లో ఇంకొక పాత్ర కలదు, నౌకరు రాముడు. యజమాని యడిగిన ప్రశ్నలకు అతడు చెప్పు బదుళ్లను మరల ఓర్పుతో చదివి చూడవలెను. మంచము క్రింది రహస్యము అతనికి ముందే తెలియునా, తెలియదా? తెలియునని చదివినచో అతని అమాయకత్వమంతయు నటన యగును, కథలో కమలినికొక తోడు ఏర్పడును. తెలియదని చదివినచో ఆ చీకటిలో మోసపోయినవారు ఇద్దఱగుదురు, మనతో ముగ్గురు. నా తరగతిలో ఏటేట రెండు పక్షములు ఏర్పడుచునే యున్నవి.